గూగుల్ ఎర్త్ ప్రో: భూమి గురించి ఏది అడగొచ్చు, ఏది అడగకూడదు

హైదరాబాద్‌లో నిలబడి భూమికి నిలువునా బొక్క పెడుతూ పోతే అవతల ఎక్కడ తేలతాం? చాలామంది అమెరికా అంటారు. కాదు, నీళ్ళలో తేలతాం. హైదరాబాద్ 17.38 ఉత్తర అక్షాంశం, 78.48 తూర్పు రేఖాంశం. అక్షాంశాన్ని దక్షిణానికి మార్చి, రేఖాంశాన్ని 180 లోంచి తీసేసి పడమర అనుకోవాలి. అంటే భూమంతటినీ ఉపగ్రహ ఫోటోలతో తెరమీద గోళంలా చూపే గూగుల్ ఎర్త్ వెతుకు పెట్టెలో -17.38, -101.52 అని కొట్టాలి. భూగోళం గిర్రున తిరిగి పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఆగుతుంది. చుట్టూ నీలం తప్ప ఏమీ ఉండదు. అక్కడి నుంచి ఈస్టర్ దీవి దాకా రూలర్ (దూరం కొలిచే పనిముట్టు) లాగితే వెయ్యి కిలోమీటర్లు దాటిపోతుంది.

పదేళ్ళ పిల్లల ప్రశ్నకైనా, వాట్సాప్‌లో తిరిగే పెద్దల నమ్మకానికైనా ఇలా కళ్ళముందు పెట్టి జవాబు చెప్పే సాధనం ఇంకొకటి లేదు. కీహోల్ అనే సంస్థ 2001లో తెచ్చిన ఎర్త్ వ్యూయర్‌ను గూగుల్ 2004లో కొని, 2005 జూన్‌లో గూగుల్ ఎర్త్‌గా విడుదల చేసింది. ప్రో వెర్షన్‌కు ఒకప్పుడు ఏడాదికి 399 డాలర్లు కట్టాల్సి వచ్చేది. 2015 జనవరి నుంచి ఉచితం. బ్రౌజర్‌లో తెరుచుకునేదీ ఉంది, ఫోన్ యాప్ కూడా ఉంది. ఊరికే చూడ్డానికి అవి చాలు. ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలంటే మాత్రం కంప్యూటర్‌లో వేసుకునే ప్రో కావాలి. కొలతలు, ఎత్తుల గ్రాఫు, పాత ఫోటోలు, సముద్రం నీళ్ళు తీసేసి అడుగు చూడటం, అన్నీ అందులో ఒక్కచోటే దొరుకుతాయి.

వేసుకున్న వెంటనే మూడు మార్పులు చెయ్యండి. టూల్స్‌లో ఆప్షన్స్ తెరిచి త్రీడీ వ్యూ అనే ట్యాబ్‌లో షో లాట్/లాంగ్ (అక్షాంశ రేఖాంశాలు) దగ్గర డెసిమల్ డిగ్రీస్ పెట్టుకోండి. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లతో తీసివేతలు చేయబోతే తప్పులు వస్తాయి. అక్కడే కొలతల్ని మీటర్లు, కిలోమీటర్లకు మార్చుకోండి. ఎలివేషన్ ఎగ్జాజరేషన్ అనే గడిలో 1 ఉందో లేదో చూడండి. అది 3 దాకా పెరుగుతుంది. 3 పెడితే కొండలు మూడింతలు లేస్తాయి, బొమ్మ బాగుంటుంది, జవాబు తప్పుతుంది. తెర నల్లబడినా మిణుకు మిణుకుమన్నా అదే ట్యాబ్‌లో గ్రాఫిక్స్ మోడ్‌ను ఓపెన్‌జీఎల్ నుంచి డైరెక్ట్‌ఎక్స్‌కి గానీ, అటునుంచి ఇటు గానీ మార్చి ప్రోగ్రామ్ మూసి తెరవండి. ఇంటర్నెట్ డేటా బాగానే తింటుంది. బడిలో చూపించాలనుకునే మాస్టార్లు ఆ చోట్లను ముందురోజే అదే దూరం నుంచి ఒకసారి చూసి పెట్టుకుంటే, కంప్యూటర్‌లో నిలవున్న బొమ్మలే చాలావరకు వచ్చేస్తాయి.

ఇక అసలు సంగతి. తెరమీద ఒక్కటే భూమి కనబడుతుంది కానీ, అందులో మూడు వేరువేరు సరుకులున్నాయి. పైన పరిచినవి ఫోటోలు. వాటి కింద ఎత్తుపల్లాల లెక్క, ఇది ఫోటోల నుంచి వచ్చింది కాదు. వీటి మీద పేర్లు, సరిహద్దులు, తీరరేఖలు ఉంటాయి. ఇవి మనుషులు గీసినవి, పాత పటాల నుంచి ఎత్తి రాసినవి. ఈ మూడింటిలో మన ప్రశ్నకు ఏది జవాబు చెప్తోందో తెలియకపోతే ఈ సాధనమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెలిస్తే ఇంతకంటే నమ్మకమైనది లేదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కేదారనాథ్, కాళేశ్వరం, శ్రీకాళహస్తి, కంచి ఏకాంబరేశ్వరాలయం, తిరువణ్ణామలై, చిదంబరం, రామేశ్వరం, ఈ శివక్షేత్రాలన్నీ ఒకే రేఖాంశం మీద, గీత గీసినట్టు ఉన్నాయని ఏళ్ళ తరబడి ఒక సందేశం తిరుగుతోంది. దీన్ని పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఒక్కో గుడినీ వెతికి, గర్భాలయం మీదికి వచ్చేదాకా దగ్గరికెళ్ళి, పైనున్న పసుపు పిన్నుతో ప్లేస్‌మార్క్ పెట్టండి. పిన్ను తెరిస్తే రేఖాంశం అంకెల్లో ఉంటుంది. కేదారనాథ్ 79.07. కాళేశ్వరం 79.91. శ్రీకాళహస్తి 79.70. కంచి 79.70. తిరువణ్ణామలై 79.07. చిదంబరం 79.69. రామేశ్వరం 79.32.

అంకెలు పక్కపక్కన పెడితే అసలు విషయం బయటపడుతుంది. శ్రీకాళహస్తి, కంచి, చిదంబరం మూడూ నిజంగానే దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. దాదాపు 260 కిలోమీటర్ల నిడివిలో తూర్పు పడమరల తేడా కిలోమీటరు లోపే. ఇది చూసి ఆశ్చర్యపడితే తప్పేం లేదు. కానీ ఆ గీతకు కాళేశ్వరం 20 కిలోమీటర్లకు పైగా తూర్పున ఉంది. రామేశ్వరం 40 కిలోమీటర్ల పైచిలుకు పడమరన, కేదారనాథ్ దాదాపు 60, తిరువణ్ణామలై దాదాపు 70 కిలోమీటర్లు పడమరన ఉన్నాయి. ఇంకొక సంగతి. పంచభూత లింగాల్లో ఐదోది, జలలింగమైన జంబుకేశ్వరం, పైన చెప్పిన జాబితాలో లేదు. తిరుచ్చి దగ్గర దాని మీద పిన్ను పెడితే 78.71 వస్తుంది. గీతకు వంద కిలోమీటర్లు అవతల.  క్షేత్రం మహిమ స్థలపురాణంలో ఉంది, దానికి ఈ గీత అవసరం లేదు.

ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటి చెప్పాలి. భారతదేశమంతా తెరమీద కనబడేలా దూరంగా ఉండి వ్యూ మెనూలో గ్రిడ్ (అక్షాంశ రేఖాంశాల గళ్ళు) వేస్తే ఈ గుళ్ళన్నీ ఒకే గీత మీద ఉన్నట్టే అనిపిస్తాయి. అంత దూరం నుంచి 60 కిలోమీటర్లు వేలి మందం కూడా ఉండవు. కంటితో చూసి కాదు, అంకెతో తేల్చాలి.

కైలాస పర్వతం గురించీ ఇలాంటిదే ఉంది. కైలాసం నుంచి ఉత్తర ధ్రువానికి 6,666 కిలోమీటర్లని, దక్షిణ ధ్రువానికి సరిగ్గా రెట్టింపు 13,332 అని, ఇంగ్లండ్‌లోని పురాతన రాతి కట్టడం స్టోన్‌హెంజ్‌కి మళ్ళీ 6,666 అని. 31.07, 81.31 అని కొట్టి కైలాసానికి వెళ్ళండి. అక్కడొక పిన్ను, 90, 0 దగ్గర ఇంకొకటి పెట్టి రూలర్‌లో లైన్ తీసుకుని కొలవండి. సుమారు 6,563 వస్తుంది. దక్షిణ ధ్రువానికి సుమారు 13,440. స్టోన్‌హెంజ్‌కి 6,900 దాటుతుంది. మూడింటిలో ఒక్కటీ కుదరలేదు. కొలిచేటప్పుడు మ్యాప్ లెంగ్త్, గ్రౌండ్ లెంగ్త్ అని రెండు అంకెలు కనబడతాయి. మొదటిది కొండలూ గుట్టలూ లేవనుకుని కొలిచిన దూరం. రెండోది ఎత్తుపల్లాల మీదుగా పోయిన దూరం. ఇలాంటి లెక్కలకు మొదటిదే తీసుకోవాలి.

అంకెలు తప్పయ్యాయని కైలాసాన్ని వదిలి వచ్చెయ్యకండి. అక్కడ చూడాల్సింది వేరే ఉంది. 6,638 మీటర్ల శిఖరం, దాని దక్షిణాన పక్కపక్కనే రెండు సరస్సులు. తూర్పున గుండ్రంగా ఉన్నది మంచినీళ్ళ మానససరోవరం, పడమరన వంకరగా ఉన్నది ఉప్పదనం ఉన్న రాక్షసతాల్. కెమెరాను కొంచెం పైకి తీసి సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర, కర్నాలి, ఈ నాలుగు నదుల్నీ వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళండి. నాలుగూ ఈ ప్రాంతం చుట్టుపక్కలే పుడతాయి. ఒకటి ఉత్తరానికి, ఒకటి తూర్పుకి, ఒకటి దక్షిణానికి, ఒకటి పడమరకి బయల్దేరతాయి. ఒక పర్వతం నుంచి నాలుగు దిక్కులకు నాలుగు నదులన్న పురాణ వర్ణన వెనక ఇంత గట్టి భూగోళం ఉందని ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మా ఇంత బాగా చెప్పదు.

రామసేతువు గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. ధనుష్కోడి నుంచి శ్రీలంకలోని తలైమన్నారు దాకా ఇసుకతిన్నెల వరస స్పష్టంగా కనబడుతుంది. అక్కడ సముద్రం లోతు చాలాచోట్ల కొన్ని మీటర్లే. అంతవరకు ఫోటో చెప్తుంది. పైన గడియారం బొమ్మ నొక్కి పాత ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ వస్తే తిన్నెల ఆకారం మారుతూ ఉంటుంది, అదీ చూడదగ్గదే. కానీ ఎన్నేళ్ళ కిందటిది, ఎలా ఏర్పడింది అని అడిగితే ఈ సాధనం దగ్గర జవాబు లేదు, ఉండదు కూడా. 2002లో నాసా ఫోటోలు చూపించి 17.5 లక్షల ఏళ్ళ వంతెన అని ప్రచారం జరిగినప్పుడు నాసా కూడా అదే చెప్పింది, అంతరిక్షం నుంచి తీసిన ఫోటో వయసునూ పుట్టుకనూ చెప్పలేదని. వయసు తెలియాలంటే కిందికి తవ్వి నమూనాలు తియ్యాలి.

సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తీరం దాటి లోపలికి వెళ్తే మనకు కనిపించే నీలం ఫోటో కానే కాదు, లోతుల లెక్కను బట్టి వేసిన రంగు. అందుకే నడిసముద్రంలో ఎంత వెతికినా ఓడలు కనబడవు. వ్యూ మెనూలో వాటర్ సర్ఫేస్ తీసేస్తే అడుగు కనబడుతుంది. ఆ లోతుల్లో చాలావరకు ఎవరూ దిగి కొలిచినవి కావు. సముద్రగర్భంలో కొండ ఉంటే దాని బరువు నీళ్ళను తనవైపు లాగుతుంది, పైన నీటిమట్టం కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఉపగ్రహాలు కొలిస్తే, దాన్నిబట్టి లోతు అంచనా కడతారు. ఓడలు సోనార్‌తో (శబ్దతరంగాలతో లోతు కొలిచే పరికరంతో) వెళ్ళిన దారుల్లో మాత్రం అసలు కొలతలు ఉంటాయి.

2009లో సముద్రగర్భాన్ని కొత్తగా చేర్చినప్పుడు ఆఫ్రికాకు పడమరన, కానరీ దీవుల దగ్గర అడ్డం నిలువు గీతలు కనబడ్డాయి. సముద్రంలో మునిగిపోయిందని గ్రీకు కథల్లో చెప్పే అట్లాంటిస్ వీధులు ఇవేనని ప్రపంచమంతా గోల. అవి ఓడలు అటూ ఇటూ తిరిగిన దారులు. దారి మీద వివరం ఎక్కువ, పక్కన అంచనా మాత్రమే. రెండూ కలిసే చోట అతుకు పడి గీతలా తేలింది. 2012లో మెరుగైన లెక్కలు చేర్చాక ఆ గీతలు పోయాయి. ఇప్పటికీ మిగతా సముద్రాల్లో అలాంటి చారలు బోలెడు దొరుకుతాయి. సముద్రం అడుగున నున్నటి తిన్నని గీత కనబడితే ముందు ఓడదారే అనుకోండి.

ఇంతకంటే గొప్ప కథ శాండీ ఐలాండ్‌ది. ఆస్ట్రేలియాకూ న్యూ కాలెడోనియాకూ మధ్య కోరల్ సముద్రంలో ఒక దీవి పటాల్లో ఉండేది. 1876లో వెలాసిటీ అనే తిమింగలాల వేట ఓడ దాన్ని చూశానంది. నౌకాపటాల్లోకి ఎక్కింది, ఆ పటాల నుంచి కంప్యూటర్ తీరరేఖల్లోకి, అక్కడి నుంచి గూగుల్ ఎర్త్‌లోకి. అక్కడ నల్లని మచ్చలా కనబడేది. 2012 నవంబర్‌లో సదరన్ సర్వేయర్ అనే ఆస్ట్రేలియా పరిశోధన నౌక నేరుగా అక్కడికి వెళ్తే 1,300 మీటర్లకు పైగా లోతున నీళ్ళే ఉన్నాయి. దీవి లేదు. -19.22, 159.93 అని కొట్టి ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆ చోటు చూడండి. పేర్లూ తీరరేఖలూ మనుషులు రాసినవని పైన చెప్పింది ఇందుకే. నూట ముప్పై ఏళ్ళకు పైగా ఒక తప్పు పటం నుంచి పటానికి ప్రయాణించింది.

సహారా కన్ను అనే రిషాత్ వలయాలను కూడా (21.12, -11.40, మారిటేనియాలో) అట్లాంటిస్ అంటుంటారు. దానికి జవాబు ఎత్తుల లెక్కలోనే ఉంది. కర్సర్‌ను వలయం మధ్యలో పెట్టి కింద ఎలెవ్ అనే అంకె చూడండి, సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల పైన ఉంటుంది. సుమారు 40 కిలోమీటర్ల వెడల్పున ఉబ్బిన రాతిపొరలు అరిగిపోతే, గట్టివి చుట్టలు చుట్టలుగా మిగిలాయి. ఉల్లిపాయ పైభాగం కోస్తే కనబడే వలయాల్లాగా.

మనవైపు చూడాలంటే గోదావరి డెల్టాకు మించింది లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలుపెట్టి కిందికి రండి. గౌతమి, వశిష్ఠ విడిపోతాయి, వశిష్ఠ నుంచి వైనతేయ చీలుతుంది, మధ్యలో లంకలు. అమలాపురం దక్షిణాన కెమెరా ఎత్తు 10 నుంచి 15 కిలోమీటర్లు ఉండేలా ఆగండి. తీరానికి సమాంతరంగా, ఒకదాని వెనక ఒకటి, ముదురాకుపచ్చ పట్టీలు కనబడతాయి. అవి పాత సముద్రతీరాలు. అలలు పోసిన ఇసుక దిబ్బలు మెరకగా ఉంటాయి కాబట్టి ఇళ్ళూ, కొబ్బరితోటలూ, రోడ్లూ వాటిమీదే. రెండు దిబ్బల మధ్య పల్లంలో వరిచేలు. నది తెచ్చిన ఒండ్రుతో వేల ఏళ్ళుగా నేల సముద్రంలోకి ఎలా జరిగిందో ఊళ్ళ వరసే చెప్తుంది. రూలర్‌లో పాత్ తీసుకుని తీరం నుంచి లోపలికి గీసి, సేవ్ చేసి, దానిమీద కుడి బటన్ నొక్కి షో ఎలివేషన్ ప్రొఫైల్ చూడబోతే మాత్రం నిరాశే. దిబ్బల ఎత్తు కొద్దిపాటిది, కొబ్బరిచెట్ల ఎత్తు అంతకంటే ఎక్కువ, గ్రాఫు చెట్లను కొలిచి గజిబిజి అవుతుంది. ఇక్కడ నమ్మాల్సింది ఫోటోనే.

గోదావరి ఏడు పాయలై ఏడుగురు ఋషుల పేర్లతో సముద్రంలో కలుస్తుందన్న నమ్మకాన్ని ఫోటోలో వెతికితే పెద్ద పాయలే తేలిగ్గా దొరుకుతాయి. తుల్యభాగ ఇప్పుడు మురుగుకాలవలా సన్నగా పారుతుంది. అయినా కాకినాడ దగ్గర చొల్లంగి దాకా దాన్ని పట్టుకుని వెళ్ళొచ్చు. చొల్లంగి అమావాస్య స్నానాలు జరిగేది ఆ సంగమంలోనే. ఈ ఏడు సంగమాలనూ చుట్టే సప్తసాగర యాత్ర దారిని ఏడు పిన్నులతో గుర్తు పెట్టడం సెలవుల్లో పిల్లలకు మంచి పని.

కొల్లేరు కోసం మాత్రం బ్రౌజర్‌లో తెరుచుకునే గూగుల్ ఎర్త్‌లో, 1984 నుంచి మొదలయ్యే టైమ్‌లాప్స్ (ఏడాది వెంట ఏడాది బొమ్మలు కదిలే వీడియో) చూడండి. సరస్సు మీద చేపల చెరువుల చతురస్రాలు ఏటేటా పరుచుకోవడం, 2006లో గట్లు తెంచిన ఆపరేషన్ కొల్లేరు తర్వాత మార్పు, మళ్ళీ చెరువులు. పాత ఏళ్ళ బొమ్మల్లో ఒక్కో చుక్క నేలమీద 30 మీటర్లు. అందులో ఇల్లు వెతక్కండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్న, విమానం ఉత్తరధ్రువం వైపు ఎందుకు పోతుందని. హైదరాబాద్ నుంచి షికాగోకి రూలర్ లాగండి, గీత దానంతటదే ఆర్కిటిక్ మీదుగా, దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. గుండ్రటి భూమ్మీద అదే దగ్గరదారి, 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. అసలు విమానం గాలినీ, దేశాల గగనతల అనుమతులనూ చూసుకుని కొంత పక్కకు జరుగుతుంది. గోడపటంలో ఆఫ్రికా అంత కనబడే గ్రీన్‌ల్యాండ్ కూడా ఇక్కడ అసలు సైజుకి వస్తుంది. 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశంలో మూడింట రెండొంతులు.

దీంతోపాటు 30 సెంటీమీటర్ల మామూలు గ్లోబు కూడా ఇంట్లో ఉంటే మంచిది. తెరమీద ఎప్పుడూ భూమి ఒక్క ముఖమే కనబడుతుంది, పైగా దగ్గరికెళ్ళిన కొద్దీ పరిమాణం మరిచిపోతాం. ఆ గ్లోబు మీద సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. ఎవరెస్టు 8,848.86 మీటర్లూ 0.2 మిల్లీమీటర్లే. వేలికి తగిలేలా కొండలు ఉబ్బెత్తుగా చేసిన గ్లోబు కొనకండి, పిల్లలకు తప్పుడు అంచనా పడిపోతుంది.

లోపాలు. ఎత్తుల లెక్కకు పెద్ద ఆధారం 2000 ఫిబ్రవరిలో నాసా అంతరిక్ష నౌక ఎండెవర్ 11 రోజులు చేసిన రాడార్ సర్వే. అది సన్నటి లోయల్ని, సూదిమొనల్ని నున్నగా చేసేస్తుంది. గండికోట దగ్గర పెన్నా కోసిన నిటారు గోడలు త్రీడీలో వాలు గట్లలా కనబడతాయి, అది లోయ తప్పు కాదు. శిఖరాల మీద కర్సర్ చూపే అంకె అధికారిక ఎత్తుకంటే తగ్గవచ్చు. తెర అడుగున కాపీరైట్ పక్కనుండే ఏడాది ఫోటో తీసిన ఏడాది కాదు. దగ్గరికెళ్ళాక వచ్చే ఇమేజరీ డేట్ చూడాలి, పక్కపక్క చదరాలకే వేరువేరు తేదీలుంటాయి. ఫోటో నేలమీద అసలు చోటుకు కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండొచ్చు, కాబట్టి పొలం గట్టు తగాదాలకు దీన్ని సాక్ష్యంగా తీసుకెళ్ళకండి. దానికి సర్వేయరు కొలతే కావాలి.

పెట్టుకున్న పిన్నులన్నీ మై ప్లేసెస్‌లో, మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే ఆరోజు పని పోవచ్చు. ఒక్కో ప్రశ్నకు ఒక ఫోల్డర్ చేసి, దానిమీద కుడి బటన్ నొక్కి సేవ్ ప్లేస్ యాజ్‌తో కేఎంజెడ్ ఫైలుగా దాచండి. ఆ ఫైలు పంపితే అవతలివాళ్ళ కంప్యూటర్‌లోనూ అవే పిన్నులు, అవే గీతలు తెరుచుకుంటాయి. గుళ్ళ గీత సందేశం మళ్ళీ వచ్చినప్పుడు వాదనకు దిగకుండా ఆ ఫైలే జవాబుగా పంపొచ్చు.